డబ్బా మీద 200.. గోడలో 16!

ఎండలు ముదిరాయంటే గోదావరిఖనిలో అటకల మీది కూలర్లు కిందికి దిగుతాయి. వాటితోపాటు తుప్పు పట్టిన స్టాండ్లూ దిగుతాయి. ఒక కాలు ఊగుతూ ఉంటుంది. వెల్డింగ్ షాపుకు మోసుకెళ్తే 'రేపు రా తమ్మీ' అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో చెప్పడు. ఇటు ఫోన్ తెరిస్తే ఐదారు వేలకే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కనిపిస్తుంది. నాలుగైదు కిలోల బరువు, భుజాన వేసుకోవడానికి పట్టీ, డబ్బా మీద పెద్దక్షరాలతో '200'. రీల్స్‌లో చూస్తే చిటికెలో గేటు అతికిస్తున్నారు. ఇంకేముంది, ఆర్డర్ పెట్టేస్తాం.

డబ్బా వస్తుంది. విప్పి చూస్తే చాలా మిషన్లకు వైరు చివర ప్లగ్గు ఉండదు. మూడు వైర్ల కొసలు బయటికి వేలాడుతుంటాయి. కంపెనీవాడు మర్చిపోయాడని మనం అనుకుంటాం. బజారుకెళ్లి ఒక పవర్ ప్లగ్గు తెచ్చి బిగించేస్తాం.

వాడేం మర్చిపోలేదు. మీ ఇంటి గోడలో ఏముందో వాడికి తెలియదు. అందుకే ఆ నిర్ణయం మీకు వదిలేశాడు. ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోవడం ఎలాగన్నదే ఈ వారం ముచ్చట.

రామగుండం వాళ్లకు కరెంటు గురించి చెప్పడమంటే గోదావరి ఒడ్డున నీళ్లమ్మడమే. ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లది. పక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు. కింద బొగ్గు, పైన చిమ్నీలు. అయినా సరే, మీ ఇంట్లో వెల్డింగ్ మిషన్ ఎంతవరకు నడవొచ్చో ఆ చిమ్నీలు తేల్చవు. ప్లాస్టరింగ్ కింద దాక్కున్న సన్నటి రాగి వైరు తేలుస్తుంది.

200 అంటే ఏంటి?

మిషన్ మీద రాసిన 200 ఆంప్స్ బయటికి, అంటే రాడ్డుకు ఇచ్చే కరెంటు. గోడలోంచి అది లాగే కరెంటు వేరు. ఈ రెండూ కలిపేసుకోవడంతోనే సగం గొడవ మొదలవుతుంది. 'సాకెట్ 16 ఆంప్స్‌ది, మిషన్ 200 ఆంప్స్‌ది, ఎట్ల నడుస్తది?' అని భయపడేవాళ్లు కొందరు. 'పక్కింట్లో నడుస్తోంది కదా, మనింట్లో ఎందుకు నడవదు?' అని ధైర్యం చేసేవాళ్లు కొందరు. ఇద్దరూ లెక్క వేయడం లేదు.

లెక్క కష్టమేమీ కాదు. మామూలు రాడ్డు వెల్డింగ్‌లో ఆర్క్ దగ్గర ఓల్టేజీకి ఒక సూత్రం ఉంది. కరెంటును 0.04తో గుణించి, దానికి 20 కలపాలి. 80 ఆంప్స్ పెట్టారనుకోండి. 3.2కు 20 కలిపితే 23.2 ఓల్టులు. దాన్ని 80తో గుణిస్తే సుమారు 1,850 వాట్లు. ఇది రాడ్డు కొసన ఖర్చయ్యే పవర్. మిషన్ లోపల వేడిగా కొంత పోతుంది కాబట్టి ఎఫిషియెన్సీ 80 శాతం అనుకుందాం. మామూలు ఇన్వర్టర్ మిషన్ల పవర్ ఫ్యాక్టర్ 0.7 దగ్గర అనుకుందాం. ఈ రెండూ లెక్కలోకి తీసుకుని 230 ఓల్టులతో భాగిస్తే, గోడలోంచి లాగేది సుమారు 14 ఆంప్స్.

ఇదే లెక్క 100 ఆంప్స్‌కు వేస్తే 18 దాటుతుంది. 120కి 23. 160కి 33. డబ్బా మీది 200కు 43 పైమాటే!

అర్థమైంది కదా. 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు 80 ఆంప్స్ వెల్డింగ్ వరకే మీ వెంట వస్తుంది. ఆ పైన నాబ్ తిప్పిన ప్రతిసారీ సాకెట్ మీద, వైరు మీద మీరు అప్పు చేస్తున్నట్టే.

అయితే 80 ఆంప్స్‌తో పనులు కావా? బ్రహ్మాండంగా అవుతాయి. షాపుల్లో 12 నంబర్ అని అడిగే రాడ్డు 2.5 మిల్లీమీటర్లది. అది 60 నుంచి 90 ఆంప్స్ మధ్య కరుగుతుంది. కూలర్ స్టాండ్, కిటికీ గ్రిల్, సన్న పైపుల గేటు.. వీటికి అదే సరైన రాడ్డు. 10 నంబర్, అంటే 3.15 మిల్లీమీటర్ల రాడ్డు చేతిలోకి వచ్చిందంటే మాత్రం 90 నుంచి 130 ఆంప్స్ కావాలి. అది మామూలు పవర్ ప్లగ్గు పని కాదు. నిజానికి మీ ఇంటి హద్దు ఏంటో మిషన్ మీది నంబర్ కన్నా రాడ్డు నంబరే సూటిగా చెబుతుంది.

ఇంకో మాట. మంచి మిషన్ అయితే వెనకవైపు చిన్న రేటింగ్ ప్లేట్ ఉంటుంది. అందులో 'ఐ1 మాక్స్', 'ఐ1 ఎఫ్' అని రెండు అంకెలు చూడండి. మొదటిది మిషన్ గరిష్ఠంగా లాగే కరెంటు. రెండోది మధ్యమధ్య ఆగుతూ పనిచేసే తీరును లెక్కలోకి తీసుకుని వైరు ఎంత ఉండాలో నిర్ణయించడానికి ఇచ్చే అంకె. కొనేముందే ఆ ప్లేట్ ఫొటో అడగండి. ప్లేటే లేని మిషన్ అయితే, ఎంత చవకైనా సరే, ఆలోచించుకోండి.

మే నెల వైరు వేరు

వైర్ల సంగతి చూద్దాం. మన ఎలక్ట్రీషియన్లు 'ఒకటిన్నర వైరు', 'రెండున్నర వైరు' అంటారు కదా, అది రాగి తీగ అడ్డుకోత వైశాల్యం. చదరపు మిల్లీమీటర్లలో కొలత. లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర. పవర్ ప్లగ్గుకు రెండున్నర. ఏసీకి నాలుగు.

గోడలో పైపు లోపలుండే రెండున్నర పీవీసీ వైరు 30 డిగ్రీల వాతావరణంలో 24 ఆంప్స్ మోస్తుందని అంతర్జాతీయ పట్టికలు చెబుతాయి. నాలుగు వైరు 32, ఆరు వైరు 41. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ పట్టిక రాసింది రామగుండం మే నెల కోసం కాదు. మనకు 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ వేడిలో వైరు మోయగలిగేది 79 శాతానికి పడిపోతుంది. అంటే రెండున్నర వైరు 19కి, నాలుగు వైరు 25కి, ఆరు వైరు 32కి దిగుతాయి. ఎండకు మనకే చెయ్యి ఆడదు, గోడలో గాలి ఆడని పైపులో ఇరుక్కున్న వైరు పరిస్థితి ఊహించుకోండి.

పైగా వేడి, కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెండింతలైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది. 16 ఆంప్స్‌కు గోరువెచ్చగా ఉన్న జాయింటు 32 ఆంప్స్‌కు కరగడం మొదలుపెడుతుంది. వెల్డింగ్ చేస్తున్నప్పుడు ఎక్కడో ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే 'రాడ్డు పొగ' అని సరిపెట్టుకోకండి. ఆపేసి, మెయిన్ దించి, ప్లగ్గు పట్టుకుని చూడండి. అది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ రోజుకు పని బంద్.

ఇక ఎక్స్‌టెన్షన్ బాక్స్. ఇల్లు లోపల, గేటు బయట. మధ్యలో 30 మీటర్ల వైరు. ఇంట్లో టీవీకి వాడే ఎక్స్‌టెన్షన్‌లో ఒక చదరపు మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో రాగి ఉంటుంది. దాని మీద 20 ఆంప్స్ పంపితే ఏమవుతుంది? వెళ్లేటప్పుడు 30 మీటర్లు, వచ్చేటప్పుడు 30. మొత్తం 60 మీటర్ల తీగ. దారిలోనే సుమారు 23 ఓల్టులు మాయం. మాయమైన ఆ ఓల్టులు ఎటుపోయాయి? సుమారు 470 వాట్ల వేడిగా ఆ వైరులోనే ఉన్నాయి. అది చుట్ట విప్పకుండా అలాగే ఉంటే, చిన్నసైజు హీటర్‌ను ప్లాస్టిక్‌లో చుట్టి వరండాలో పెట్టినట్టే. అదే నాలుగు చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ కేబుల్ అయితే నష్టం 6 ఓల్టులకు మించదు. కాబట్టి ఎక్స్‌టెన్షన్ తప్పదంటే రాగి మందం చూసి కొనండి, చుట్ట మొత్తం విప్పి పరవండి.

ఇన్వర్టర్ మిషన్‌తో ఇంకో చిక్కుంది. సాయంత్రం కూలర్లన్నీ నడిచే టైమ్‌లో ఓల్టేజీ 200కు పడిపోయిందనుకోండి. పాత మిషన్ అయితే మంట నీరసపడేది. ఇన్వర్టర్ మాత్రం రాడ్డుకు ఇవ్వాల్సిన పవర్ ఇవ్వడానికి గోడలోంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఓల్టేజీ తగ్గిన వేళే వైరుకు ఎక్కువ కష్టం. అందుకే వెల్డింగ్ పనికి తెల్లవారుజాము మంచిది. ఓల్టేజీ బాగుంటుంది, ఎండా ఉండదు, వైరూ చల్లగా ఉంటుంది.

ట్రిప్ అయితే కాపాడినట్టు

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేసి 32 ఆంప్స్‌ది వేయించేవాళ్లున్నారు. పాత ఇళ్లలో ఫ్యూజు ఎగిరిపోతోందని కట్ అవుట్‌లో నాలుగు రాగి పోగులు మెలేసి బిగించేవాళ్లున్నారు. అప్పటికి పని నడుస్తుంది. ఇక మంచం మీద పడుకున్నవాణ్ని లేపేవాడు ఉండడు.

ఎంసీబీ కాపాడేది మిషన్‌ను అనుకుంటే పొరపాటు. అది కాపాడేది గోడలోని వైరును. రెండున్నర వైరు వెనక 32 ఆంప్స్ ఎంసీబీ పెట్టారంటే, వైరు కాలిపోతున్నా ఎంసీబీ హాయిగా చూస్తూ కూర్చుంటుంది. దాని దృష్టిలో అంతా బాగానే ఉంది మరి. ముందు వైరు మారాలి, ఆ తర్వాతే ఎంసీబీ.

ఒక్కోసారి లోడ్ ఎక్కువ కాకపోయినా స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతుంది. మిషన్ ఆన్ చేసిన క్షణంలో ఒక కుదుపులా ఎక్కువ కరెంటు లాగుతుంది. 'బి' రకం ఎంసీబీ దాని రేటింగ్‌కు మూడు నుంచి ఐదు రెట్లకే పడిపోతుంది. 'సి' రకం ఐదు నుంచి పది రెట్ల వరకు తట్టుకుంటుంది. ఇలాంటప్పుడు ఆంప్స్ పెంచకుండా రకం మార్చుకుంటే సరిపోతుంది. ఎంసీబీ ముఖం మీద 'సి16', 'సి25' అని రాసి ఉండేది ఇదే.

నాన్న డ్యూటీలో ఉండేది.. ఇంట్లో లేనిది

యైటింక్లయిన్ కాలనీలోనో, సెంటినరీ కాలనీలోనో మీ నాన్నో, మీ మామో అండర్‌గ్రౌండ్‌లో పనిచేసినవాళ్లయితే ఒక మాట అడిగి చూడండి. బొగ్గు ఫేస్ దగ్గర చేత్తో పట్టుకునే డ్రిల్లుకు ఎన్ని ఓల్టులు ఇస్తారని. 125 అంటారు. దేశమంతా గనుల్లో ఇదే నిబంధన. పెద్ద మోటార్లకు 550, అంతకన్నా ఎక్కువ ఓల్టులు వెళ్తున్నా, మనిషి చేతిలో ఉండే డ్రిల్లు దగ్గరికి వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 125కు దించేస్తారు. దానికీ ఎర్త్ లీకేజీ రక్షణ ఉంటుంది. కేబుల్ ఎక్కడ చిట్లినా ప్యానెల్ ట్రిప్ అయిపోతుంది. బీడీ, అగ్గిపెట్టె జేబులో ఉన్నాయేమోనని తడిమి చూశాకే లోపలికి పంపుతారు.

గనిలో ఇంత పట్టింపు ఎందుకు? అక్కడ తడి, ఇరుకు, చీకటి. తప్పు జరిగితే తప్పించుకునే దారి లేదు. వందేళ్లకు పైగా బొగ్గు తవ్విన సింగరేణి ప్రాంతంలో ఆ క్రమశిక్షణ ఊరికే రాలేదు. ప్రమాదాల్లో పోయిన మనుషులు నేర్పిన పాఠం అది.

అదే మనిషి డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, కొడుకు వాకిట్లో తడి నేల మీద చెప్పుల్లేకుండా 230 ఓల్టుల మిషన్ పెట్టుకుని కూర్చుంటే 'ఇంటి కరెంటే కదా' అని ఊరుకుంటాడు. గనిలో 125కు భయపడ్డవాళ్లం ఇంట్లో 230కి ఎందుకు భయపడం?

ఇక్కడ ఎర్తింగ్ లెక్క ఒకటి చూద్దాం. మిషన్ లోపల ఫేస్ వైరు ఊడి బాడీకి తగిలింది. మీ ఇంటి ఎర్త్ గుంత బాగానే ఉందనుకుందాం, దాని నిరోధం 10 ఓమ్స్. 230ని 10తో భాగిస్తే 23 ఆంప్స్ భూమిలోకి పోతుంది. మీ దగ్గరున్నది 32 ఆంప్స్ ఎంసీబీ. 23 దానికి ఒక లెక్కే కాదు, పడదు. మిషన్ బాడీ మొత్తం కరెంటుతో అలాగే కూర్చుని ఉంటుంది, మీ చేతి కోసం ఎదురుచూస్తూ. ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా ప్రాణానికి రక్షణ లేదు.

ఈ ఖాళీని పూడ్చేది 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. ఫేస్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంప్స్ తేడా వచ్చినా సెకనులో చిన్న భాగంలో కట్ చేసేస్తుంది. గనిలో ఎర్త్ లీకేజీ రక్షణ చేసే పనికి ఇంటి రూపం ఇదే. ఇన్వర్టర్ మిషన్లకు 'ఏ' టైప్ ఆర్‌సీసీబీ మేలు. మీద ఉండే 'టెస్ట్' బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. నొక్కితే పడకపోతే అది ఉత్త అలంకారం.

ఎర్త్ గుంత విషయం మర్చిపోకండి. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్త్ కూడా పనిచేయడం తగ్గిస్తుంది. గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి. కొన్ని ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక వైరే ఉండదు. ఇంకొందరు ఎలక్ట్రీషియన్లు సులువుగా ఉంటుందని ఆ మూడో పిన్నును న్యూట్రల్‌కు జంపర్ చేసేస్తారు. ఇది చాలా ప్రమాదం. బయట న్యూట్రల్ వైరు తెగిన రోజున మీ మిషన్ బాడీ, ఫ్రిజ్ బాడీ అన్నీ ఫేస్ అయిపోతాయి. సాకెట్ విప్పించి ఈ ఒక్కటి చూడమని మంచి ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

'ఎర్త్ క్లాంప్' అసలు ఎర్త్ కాదు

వెల్డింగ్ మిషన్‌కు రెండు కేబుళ్లు ఉంటాయి. ఒకదానికి హోల్డర్, రెండోదానికి క్లాంప్. దాన్ని అందరం 'ఎర్త్ క్లాంప్' అంటాం. ఆ పేరు వల్ల చాలామంది 'ఎర్త్ ఉంది కదన్నా' అని ధీమాగా ఉంటారు. అది ఎర్త్ కాదు, రాడ్డులోంచి వెళ్లిన కరెంటు మిషన్‌కు తిరిగొచ్చే దారి మాత్రమే. గోడ ప్లగ్గులో మూడో పిన్నుకు, దీనికి సంబంధం లేదు.

ఈ క్లాంప్‌ను అతికించే ముక్కకు, అతుకుకు దగ్గరగా పెట్టాలి. గేటు ఇక్కడుంటే ఎక్కడో స్లాబు చువ్వకో, నల్లా పైపుకో తగిలించారంటే కరెంటు తనకు నచ్చిన దారిలో వెతుక్కుంటూ వెనక్కి వస్తుంది. ఆ దారిలో మీ ఇంటి ఎర్త్ వైరు దొరికితే వంద ఆంప్స్ దానిమీద పడి అది కాలిపోతుంది. బయటికేమీ కనిపించదు. ఎర్త్ లేని ఇల్లు మాత్రం మిగులుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఆర్‌సీసీబీ ఉంది కదా అని హోల్డర్‌తో ఆటలాడొద్దు. మిషన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులనూ వేరు చేస్తుంది. హోల్డర్ వైపు మీకు షాక్ కొడితే గోడలోని ఆర్‌సీసీబీకి అసలు తెలియదు, పడదు. మంట లేనప్పుడు అక్కడ ఉండేది 60 నుంచి 80 ఓల్టులు. పొడి చేతికి అది చిమచిమ. చెమటతో తడిసిన చొక్కా వేసుకుని, ఇనుప మంచం మీద కూర్చుని, వట్టి చేత్తో రాడ్డు మారిస్తే అదే ప్రాణం తీయగలదు. మే నెలలో చెమట పట్టని చెయ్యి మన దగ్గర ఎక్కడుంది? తోలు గ్లౌజులు పొడివి వేసుకోండి, తడిస్తే మార్చండి. కాళ్లకు రబ్బరు సోలు బూట్లు, కింద ఒక ఎండు చెక్క పలక. 'వీఆర్‌డీ' అని రాసి ఉన్న మిషన్ అయితే మంట లేనప్పుడు ఓల్టేజీని బాగా తగ్గించేస్తుంది. కొనేటప్పుడు అది ఉందేమో చూడండి.

మిషన్‌కు కూడా ఎండ దెబ్బ తగులుతుంది. ప్లేట్ మీద '60 శాతం' అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మంట, నాలుగు నిమిషాలు విశ్రాంతి అని అర్థం. ఆ లెక్క 40 డిగ్రీలకు కట్టింది. 45లో ఇంకాస్త ఎక్కువ ఆపాలి. ఆ విశ్రాంతి గోడలోని వైరుకు కూడా పనికొస్తుంది.

పాత ఆయిల్ సెట్టు వద్దు

సెకండ్ హ్యాండ్‌లో పాత ఆయిల్ సెట్టు చవగ్గా వస్తోందని తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. పెద్ద ఆయిల్ సెట్లలో చాలావాటికి రెండు ఫేజులు కావాలి. ఆ రెండింటి మధ్య 415 ఓల్టులు ఉంటుంది. సింగిల్ ఫేజ్ ఇంట్లో రెండో ఫేజు ఎక్కడినుంచి వస్తుంది? అక్కడే కొండీల ఆలోచన పుడుతుంది. స్తంభం మీది తీగకు కొండీ వేస్తే వెనక ఎంసీబీ ఉండదు, ఆర్‌సీసీబీ ఉండదు. ఏదైనా అయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోవాల్సిందే, ఈలోపు మనిషి ఉండడు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 135 ప్రకారం అది దొంగతనం. మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

అలాగే, ఇంటి మీటరు మీద వెల్డింగ్ షాపు నడపాలనుకునేవాళ్లకు ఒక మాట. మన కూలర్ స్టాండ్ మనం అతికించుకోవడం వేరు, డబ్బులు తీసుకుని నలుగురి గేట్లు చేయడం వేరు. రెండోదానికి ఇంటి కనెక్షన్ వాడితే అదే చట్టంలోని సెక్షన్ 126 కిందికొస్తుంది. వాడిన కరెంటుకు వర్తించాల్సిన టారిఫ్‌కు రెండింతలు కట్టాలి. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకు లెక్కవేస్తారు. ఆ డబ్బుతో సరైన కనెక్షనే తీసుకోవచ్చు. ఐటీఐ చేసి సొంత షాపు పెట్టాలనుకునే తమ్ముళ్లు మొదటి ఖర్చుగా మీటరు రాసుకోండి, రెండో ఖర్చుగా మిషన్ రాసుకోండి.

మరి ఏం చేయాలి?

ముందు కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూడండి. ఒక కిలోవాటని ఉంటే, మూడు నాలుగు కిలోవాట్ల మిషన్ తగిలించేముందు ఎన్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో లోడ్ పెంచుకోవాలి. సింగరేణి క్వార్టర్‌లో ఉంటే వైరింగ్ కంపెనీది, మనది కాదు. కాలనీ ఎలక్ట్రికల్ విభాగాన్ని అడగకుండా గోడ మీద చెయ్యి వేయొద్దు. వాళ్లు కాదంటే కాదు.

సొంత ఇల్లయితే రెండు దారులున్నాయి.

ఏడాదికి ఒకటి రెండు సార్లు చిన్న పని ఉంటుందా? రెండున్నర వైరు మీద నడిచే 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు, దాని వెనక 'సి16' ఎంసీబీ, ఆర్‌సీసీబీ, నిజమైన ఎర్త్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆ తర్వాత నాబ్‌ను 80 దగ్గర ఆపేయండి. 12 నంబర్ రాడ్డు దాటొద్దు. ఆ టైమ్‌లో గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీ బంద్.

తరచూ చేస్తారా, 10 నంబర్ రాడ్డు కావాలా? అయితే మీటర్ బోర్డు నుంచి వెల్డింగ్ కోసమే విడిగా ఒక లైను లాగించండి. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, డబుల్ పోల్ 'సి32' ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, చివర 32 ఆంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్. మధ్యలో జాయింట్లు లేకుండా ఒకే వైరు. గేటు దగ్గరే ఆ సాకెట్ పెట్టిస్తే ఎక్స్‌టెన్షన్ గొడవే ఉండదు. అదే టైమ్‌లో మీటరు మీద '5-30' అని రాసి ఉందా, '10-60' అని ఉందా చూడండి. 30 మీటరు అయితే వెల్డింగ్‌తోపాటు ఇంట్లో మిగతావన్నీ నడపలేరు. మార్చమని సెక్షన్ ఆఫీసులోనే అడగాలి.

పని మొదలుపెట్టేముందు ఇంట్లో ఒకరికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూపించండి. ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ దించాలి. అది అందకపోతే ఎండు కర్రతో వైరును పక్కకు నెట్టాలి. తర్వాత 108. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండాలి. కరెంటు తీగ తెగి పడితే, స్తంభం దగ్గర నిప్పురవ్వలు వస్తే 1912.

ఇదంతా వింటే మిషన్ కన్నా వైరింగ్‌కే ఎక్కువ ఖర్చయ్యేట్టుందే అనిపించొచ్చు. అవును, ఒక్కోసారి అవుతుంది. ఏడాదికొకసారి స్టాండ్ అతికించడానికైతే షాపువాడి 'రేపు' కోసం ఆగడమే చవక. నేర్చుకుని నాలుగు రాళ్లు సంపాదించాలంటే మాత్రం ఆ వైరింగ్ ఖర్చును పెట్టుబడి అనుకోండి. మిషన్ పాడైతే ఇంకోటి ఆర్డర్ పెట్టుకోవచ్చు. మొదటి అతుకు వేసేముందు ఇవాళే ఒక చిన్న పని చేయండి. మీ ఇంటి పవర్ ప్లగ్గు వెనక ఏ సైజు వైరుందో, మూడో పిన్నుకు వైరు ఉందో లేదో చూపించి ఒక కాగితం మీద రాసి, మీటర్ బోర్డు పక్కన అంటించండి.